మేడారం నుంచి వచ్చాక తెల్ల పొగ, తీపి వాసన: హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

హన్మకొండ_796:

అందరికీ నమస్తే. నాది 2006 మోడల్ పెట్రోల్ బండి. 796 సీసీ, మూడు సిలిండర్ల మారుతి అంటే ఏ బండో చెప్పక్కర్లేదు. నాన్న కొన్నది, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు ఇంటి ముందు వేపచెట్టు కింద కదలకుండా పడి ఉంది.

మొన్న జాతరకు వెళ్లాం. మేం నలుగురం, డిక్కీలో మా చిన్నోడి ఎత్తు బంగారం, అంటే తల్లులకిచ్చే బెల్లం, 21 కిలోలు. ములుగు దాకా బండి ఏ పేచీ పెట్టలేదు. గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కూడా కొట్టాం. పస్రా దాటాక జామ్. రెండున్నర గంటల్లో నాలుగు కిలోమీటర్లు కదిలామేమో. ఎప్పుడో ఒకప్పుడు లోపలికి తీపి వాసన రావడం మొదలైంది. "బెల్లం కరుగుతున్నట్టుంది" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకుని దిగి డిక్కీ తీసి చూశాను. బెల్లం రాయిలా ఉంది. మళ్లీ సీట్లో కూర్చుని చూస్తే హీట్ ముల్లు ఎర్ర గీత దాటి ఉంది.

బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే పక్కన ట్రాక్టర్ నడిపే పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగాడు. లేకపోతే మొహం కాలేది. ఓ పది నిమిషాలాగి, దుకాణంలో మూడు చల్లటి నీళ్ల సీసాలు కొని పోశాం. తల్లుల దర్శనమైతే అయింది. తిరుగు ప్రయాణంలో ములుగు, మల్లంపల్లి, ఆత్మకూరు, ప్రతిచోటా ఆగి నీళ్లు పోసుకుంటూ వచ్చాం.

ఇప్పుడు పరిస్థితి ఇది. పొద్దున సెల్ఫ్ కొడితే కాసేపు మిస్సింగ్, వెనక నుంచి తెల్ల పొగ. రేడియేటర్‌లో బుడగలు. నీళ్లు తగ్గుతున్నాయి, కానీ బండి కింద ఒక్క చుక్క పడదు.

ములుగు రోడ్డులో ఒక మెకానిక్ హెడ్ (సిలిండర్ల మీది మూత) దించాలి, 14 వేలు అన్నాడు. ఇంకొకాయన రేడియేటర్‌లో ఏదో పొడి పోస్తే లీకు దానంతటదే మూసుకుంటుంది, 400 చాలన్నాడు. మా బామ్మర్ది తుక్కుకు వెయ్యమంటున్నాడు. నా దగ్గర పానాల సెట్టు ఉంది, రెండు ఆదివారాలు ఖాళీ ఉన్నాయి. ఇది నిజంగా ఆ హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్టేనా? అయితే ఇంట్లో విప్పొచ్చా?

నర్సంపేట_రోడ్డు:

అన్నా, 15 ఏళ్లు దాటిన బండి. ఆర్‌సీ రెన్యువల్ చేయించినా ఐదేళ్లకే కదా. దాని మీద పెట్టే డబ్బు ఇంకో సెకండ్ హ్యాండ్ బండికి అడ్వాన్స్ అవుతుంది. ఊరికే పరేషాన్ కాకు, అమ్మెయ్.

హన్మకొండ_796:

నాన్న నడిపిన బండి తమ్ముడూ. లెక్క నాకూ తెలుసు, కానీ మనసొప్పదు.

కాజీపేట_లోకో:

తమ్మీ, ముందు బండి స్టార్ట్ చేయడం ఆపు. పొగ వస్తుందా లేదా అని రోజూ సెల్ఫ్ కొట్టి చూస్తున్నట్టున్నావు. రాత్రంతా సిలిండర్‌లోకి నీళ్లు దిగి ఉంటే, గాలి అణిగినట్టు నీళ్లు అణగవు. సెల్ఫ్ బలానికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు మీ బామ్మర్ది మాటే నిజమవుతుంది.

నేను కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన వాణ్ణి. మా డబ్ల్యూడీఎం-2 లోకోలో 16 సిలిండర్లు, 16 హెడ్లు, దేనికది వేరు. ఒకటి లీకైతే ఆ ఒక్కటే దించి ఇంకోటి ఎక్కించేవాళ్లం. నీ బండిలో మూడింటికీ కలిపి ఒకటే అల్యూమినియం హెడ్. ఒక చోట వంగితే పక్క సిలిండర్ కూడా పోతుంది.

నీకొచ్చిన తీపి వాసన రేడియేటర్‌లోని కూలంట్‌ది. నువ్వు రాసిన కథలో నాకు బెల్లం కన్నా తీపిగా కనిపించిన మాట ఒకటుంది: ములుగు దాకా పేచీ లేదు, జామ్‌లో నిలబడ్డాకే వేడెక్కింది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే ఫ్యానే దిక్కు. ఆ రోజు ఫ్యాన్ తిరిగిందా? ఎవరైనా చూశారా? గ్యాస్కెట్ ఊరికే పోదు. దాన్ని కాల్చిందేదో దొరక్కుండా కొత్తది వేస్తే, వచ్చే ఎండాకాలం మళ్లీ హెడ్ దించుతావు. 14 వేలు అడిగిన మెకానిక్ ఫ్యాన్ మాటెత్తాడా?

ఇప్పుడు పరీక్షలు. మూడు ప్లగ్గులూ విప్పి వరసలో పెట్టు. ఒకటో రెండో కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడానికి కంప్రెషన్ గేజ్ అడిగి తెచ్చుకో. ఆయిల్ స్టిక్ తీసి చూడు, పాల టీ రంగులో ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టే. కానీ ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త మీగడ లాగా ఉంటే హడలిపోకు. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి ఆవిరి చేరి అలా అవుతుంది.

పొడి మాట మరిచిపో. పెట్రోల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి ముందు అది నిలవదు. పైగా రేడియేటర్‌లోని సన్న గొట్టాల్లో పేరుకుని ఉన్న కాస్త చల్లదనాన్నీ తీసేస్తుంది.

హన్మకొండ_796:

సార్, ఫ్యాన్ సంగతి ఆ రోజు చూడనే లేదు. సిగ్గేస్తోంది. ప్లగ్గుల్లో మొదటిది గోధుమ రంగు, రెండోది మూడోది కొత్తవాటిలా మెరుస్తున్నాయి. దోస్తు దగ్గర గేజ్ తెచ్చి చూశాను: 170, 95, 90 పీఎస్ఐ. ఆయిల్ శుభ్రంగానే ఉంది.

కాజీపేట_లోకో:

పక్కపక్క రెండూ పడిపోయాయి అంటే వాటి మధ్య సన్న గోడ దగ్గరే గ్యాస్కెట్ కాలింది. దించాల్సిందే.

విప్పడం నీకు వస్తుంది. ఫోటోలు తీసుకో, వైర్లకూ గొట్టాలకూ టేపు అంటించి పేర్లు రాసుకో. టైమింగ్ బెల్టు (క్రాంక్‌నూ పైన వాల్వులు తెరిచే షాఫ్టునూ కలిపి తిప్పేది) తీసేముందు గుర్తులు కలిపి పెట్టు. అసలు జాగ్రత్త హెడ్ బోల్టుల దగ్గర. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకో, వేడి మీద విప్పితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోటీ కొంచెం కొంచెంగా రెండు మూడు చుట్లలో వదులు చెయ్యి. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, మధ్య నుంచి చివర్లకు. హెడ్ రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. ఒక్క గీత పడితే అక్కడి నుంచే మళ్లీ లీకు. చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టు.

పాత గ్యాస్కెట్ ముక్కలు ప్లాస్టిక్ బ్లేడుతో ఓపిగ్గా గీకు. మనవాళ్లు గ్రైండర్‌కు డిస్కు తగిలించి నిమిషంలో మెరిపిస్తారు, చూడ్డానికి బాగుంటుంది. ఆ డిస్కు నుంచి రాలిన రజను ఆయిల్‌లో చేరి బేరింగులు తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగలకుండా తుడువు. మిగిలితే బోల్టు దిగుతున్నప్పుడు అవి ఎటూ పోలేక బ్లాకునే పగలగొడతాయి.

బోల్టు ఎంత టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించాలో నీ ఇంజన్ మాన్యువల్‌లో చూడు. నన్ను అడగకు, మెకానిక్ షెడ్డులో పోరగాణ్ణి అసలు అడగకు. పాత బోల్టులు వాడొచ్చో లేదో కూడా అందులోనే ఉంటుంది. కొన్ని ఇంజన్ల బోల్టులు ఒకసారి సాగితే మళ్లీ పనికిరావు. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచి కావాలి. లేకపోతే నాది తీసుకెళ్లు.

మట్టెవాడ_లేత్:

సార్ అంతా చెప్పారు. నా వంతు ఒకటి. ఎర్రగా కాగిన ఇంజన్‌లో చల్లటి సీసా నీళ్లు పోశారు కాబట్టి, హెడ్ లేత్‌కు ఇచ్చేటప్పుడు ఫేసింగ్ (అడుగు ముఖం కోసి చదును చేయడం) ఒక్కటే చెప్పకండి. ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. పగులు ఉంటే వాల్వుల మధ్యే ఎక్కువగా కనిపిస్తుంది, కొన్నిసార్లు కంటికి ఆనదు. పగిలిన హెడ్‌కు ఫేసింగ్ చేయడం దండగ.

వంపు చూడటం ఇంట్లోనే అవుతుంది. నిఖార్సైన స్టీల్ పట్టీ హెడ్ మీద పొడుగ్గా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) ఆకు దూరుతుందేమో చూడండి. ఇలాంటి చిన్న ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్ దాటితే పని ఉన్నట్టే. ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. "నున్నగా వచ్చేదాకా లాగు" అనే గిరాకీలు ఉంటారు. ఎక్కువ కోస్తే మంట గది చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది, పెట్రోల్ బండి నాకింగ్ (లోపల టకటకమనడం) మొదలుపెడుతుంది.

గోదావరిఖని_డీజిల్:

ఇది చదివే డీజిల్ బండ్ల వాళ్లకు ఒక మాట, నాకు తగిలిన దెబ్బ కాబట్టి చెప్తున్నా. చాలా డీజిల్ ఇంజన్ల గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి. అంచున ఉన్న చిన్న రంధ్రాలో గాట్లో లెక్కపెడితే ఏ మందమో తెలుస్తుంది. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి దానికి సరిపడేది వేయాలి. నాకు షాపులో ఉన్నదేదో ఇచ్చారు, మెకానిక్ ఉన్నదేదో వేశాడు. స్టార్ట్ చేస్తే టక్ టక్ టక్. పిస్టన్ హెడ్‌ను తాకుతోంది. మళ్లీ మొత్తం విప్పించాను. పాత గ్యాస్కెట్ పారేయకుండా షాపుకు పట్టుకెళ్లండి.

హన్మకొండ_796:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. బండి నడుస్తోంది!

రెండు ఆదివారాలు అనుకున్నది మూడు అయ్యాయి. హెడ్ దించగానే రెండు, మూడు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ నల్లగా కాలి, చిటికెన వేలి గోరంత ముక్క లేచిపోయి కనిపించింది. పట్టీ పెట్టి చూస్తే ఐమూలగా 0.12 ఆకు దూరింది. ప్రెషర్ టెస్ట్‌లో పగులు లేదన్నారు. ఆ మాట వినేదాకా లేత్ షాపు ముందు మూడు చాయలు తాగాను.

ఇక ఫ్యాన్. సార్ చెప్పినట్టు బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇస్తే గిర్రున తిరిగింది. సాకెట్ ఊడదీస్తే లోపల ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి, నల్లగా మాడిపోయి ఉంది. ఊళ్లో పది నిమిషాల తిరుగుడుకు ఫ్యాన్ అవసరమే పడలేదు, అందుకే ఎన్నాళ్ల నుంచి పనిచేయట్లేదో తెలియలేదు. ఇంకోటి కూడా బయటపడింది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని థర్మోస్టాట్ వాల్వ్ లేదు! ఎప్పుడో ఎవరో పీకి పారేసి ఖాళీ గూడు మూశారు. కొత్తది వేశాను.

ఒక తప్పు చేశాను, దాచుకోను. బెల్టు ఎక్కించాక చేత్తో క్రాంక్ రెండు చుట్లు తిప్పి చూడమన్నారు సార్. తిప్పితే గుర్తులు ఒక పన్ను తేడా వచ్చాయి. మళ్లీ విప్పి ఎక్కించాను. తిప్పకుండానే సెల్ఫ్ కొట్టి ఉంటే ఏమయ్యేదో.

ఖర్చు అడుగుతారు కాబట్టి: గ్యాస్కెట్ సెట్టు, థర్మోస్టాట్ కలిపి 1,650. టెస్టు, ఫేసింగ్, వాల్వ్ ల్యాపింగ్ 2,400. బెల్టు, టెన్షనర్ 1,300. ఆయిల్, ఫిల్టర్ 1,500. కూలంట్ 700. ఫ్యాన్ సాకెట్, వైరు 250. మొత్తం 7,800. బోల్టులు బిగించే రోజు సార్ స్వయంగా వచ్చి వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్క పానా ముట్టుకోలేదు, ఒక్కో చుట్టూ నాతో పైకి లెక్కపెట్టించారు. బంగారం ప్రసాదం పొట్లం కట్టి ఇచ్చాం.

కూలంట్ పాతది బకెట్‌లో ఉంది. ఏం చేయాలి? అలాగే ఇకమీదట బోరు నీళ్లు కలపొచ్చా?

కాజీపేట_లోకో:

బకెట్ మీద వెంటనే మూత పెట్టు. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగుతాయి, తాగితే చస్తాయి. మీ చిన్నోణ్ణి కూడా అటు పోనీకు. క్యాన్‌లో పోసి వర్క్‌షాప్‌లో ఇచ్చెయ్, మోరీలో పోయకు.

బోరు నీళ్లు వద్దు. కాచిన గిన్నెకు తెల్ల పొర కడుతుంది చూడు, అదే రేడియేటర్‌లోనూ కడుతుంది. బ్యాటరీలో పోసే నీళ్లు, కూలంట్ సగం సగం. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకో. 0.9 బార్ మూత సరిగ్గా ఒత్తిడి పట్టి ఉంచితే వట్టి నీళ్లే 118 డిగ్రీల దాకా మరగవు, కూలంట్ కలిస్తే ఇంకా పైకి. మూత వదులైతే ఆ లాభమంతా పోయినట్టే.

వారం పాటు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడు. లోపల చిక్కిన గాలి బయటికి వచ్చే కొద్దీ కొంచెం తగ్గుతుంది, పోసుకో. వారం దాటినా తగ్గుతూనే ఉంటే నాకు ఫోన్ చెయ్యి.

టార్క్ రెంచి ఇంకా నీ దగ్గరే ఉంది. స్ప్రింగు బిగుసుకుని ఉండకుండా అడుగు అంకెకు తిప్పి డబ్బాలో పెట్టు. ఆదివారం వచ్చి తీసుకుంటా.