విలన్ వరంలో లొసుగు: హిరణ్యకశిపుడి దారా, రావణుడి దారా?

నల్లసిరా: ఫాంటసీ నవలలో విలన్‌కి వరం పెట్టాలంటే హిరణ్యకశిపుడిలా షరతుల జాబితా మేలా, రావణుడిలా అడగకుండా వదిలేసిన ఒక్క మాట మేలా?

పాతచిలక: రావణుడిదే. ఉత్తరకాండలో దేవ, దానవ, యక్ష, నాగుల చేతిలో చావు వద్దని అడిగి, మనుషులు మొదలైన ప్రాణులు నాకు గడ్డిపోచలంటాడు. లొసుగు అతని పొగరులోంచే పుట్టింది. హిరణ్యకశిపుడు లోపలా బయటా, పగలూ రాత్రీ, నేలా నింగీ, మనిషీ మృగమూ అన్నీ మూసేశాడు. అలాంటి జాబితా ఇస్తే పాఠకుడు అక్కడికక్కడే గడప, సంజెవేళ అని లెక్క కట్టేస్తాడు.

సంజెదీపం: రావణుడు కోతుల్ని కూడా వదిలేశాడు కదా?

పాతచిలక: వరంలో కోతుల ఊసు లేదు. కోతుల వల్ల నాశనం అన్నది నంది పెట్టిన శాపం. రెండూ కలపొద్దు.

గడపమీద: జాబితాది తప్పు కాదు, రాసే తీరుది. వరం మాటలు మొత్తం ఒక్కసారే, మొదటి పావు వంతు కథలోనే వినిపించాలి, అదీ ఏ తగవులోనో. తర్వాత హీరో ఒక్కో షరతు మీద దెబ్బ వేసి ఓడాలి. రెండు ఓటములు చాలు, నాలుగైతే విసుగు. గడపని ముందే మామూలు పనుల్లో చూపాలి: పసుపు రాయడం, కొత్త కోడలు కాలు మోపడం. చివర్లో హఠాత్తుగా తెస్తే మోసం చేసినట్టే.

సంజెదీపం: కోతుల సంగతి ఇంకా తేలలేదు.

పాతచిలక: గడపమీద గారూ, మీరు చెప్పిందంతా తాళంకప్పలు చేసేవాడి పనితనం.

గడపమీద: ఎవరేం అడిగినా మీరు రావణుడి దగ్గరే ఆగిపోతారు. రాసేవాళ్లకి పనికొచ్చేది ఒక్కటి చెప్పండి.

పాతచిలక: చెబుతాను. నరసింహుడు లొసుగు వెతుక్కుంటూ రాలేదు. స్తంభంలో ఉన్నాడా అని తండ్రి అడిగితే ఉన్నాడన్నాడు పిల్లవాడు. ఆ మాట నిజం చేయడానికే వచ్చాడని భాగవతం సప్తమ స్కంధం చెబుతోంది. గడప, గోళ్లు, తొడ ఆ తర్వాతివి. మీరు గడపని తీసుకుని పిల్లవాణ్ని వదిలేస్తున్నారు. నా బాధల్లా అదే!

గడపమీద: ఇది మొదటే అనాల్సింది. సరే, దేవుడు లేని కల్పిత లోకంలో పిల్లవాడి మాట నిలబెట్టేదెవరు?

పాతచిలక: ఆ లోకపు నియమం. నమ్మి అన్న మాట అక్కడ జరిగి తీరుతుందని ముందే రెండు చిన్న సంగతుల్లో చూపాలి. అన్నవాడికి ప్రతిసారీ ఏదో ఒకటి పోవాలి కూడా, లేకపోతే అందరూ అదే పని చేస్తారు.

గడపమీద: విలన్ వరమూ మాటే. రెండు మాటలు ఎదురుపడితే నెగ్గేదేది?

పాతచిలక: రెండూ నెగ్గాలి. బ్రహ్మ మాట పొల్లుపోలేదు, పిల్లవాడి మాటా పోలేదు. రెండూ నిలిచేంత ఇరుకు చోటు గడపే.

గడపమీద: అలాగైతే జాబితా పొడుగ్గానే ఉండాలి. ఒక్క మాట వదిలేసిన వరంలో అంత ఇరుకు రాదు. రావణుడి దారి మీరే వదిలేశారు.

పాతచిలక: వదల్లేదు. పొగరు కనబడని జాబితా నాకు ఇప్పటికీ ఒప్పదు.