కొత్త జంటకి డిసెంబరులో అరకు: నాలుగు రోజుల్లో అన్నీ చూడొచ్చా? ఘాట్‌లో వాంతుల సమస్య ఉంది

కొత్తకాపురం_హైదరాబాద్

నవంబరు ఆఖర్లో పెళ్లి. డిసెంబరు రెండో వారంలో గురువారం నుంచి ఆదివారం దాకా సెలవు పెట్టుకుందామనుకుంటున్నాం. అరకు, బొర్రా, లంబసింగి, వంజంగి నాలుగూ చూడాలని ఉంది. ఒక ట్రావెల్స్ వాళ్లు మొదటి రోజు వైజాగ్ నుంచి అరకు వెళ్లి రాత్రికి వెనక్కి, రెండో రోజు అర్ధరాత్రి బయల్దేరి లంబసింగి, వంజంగి అంటున్నారు. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి:

ఈ ప్లాన్ నడుస్తుందా? ఇంట్లో ఆవిడకి ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి, ఏం చెయ్యాలి? అరకు రైల్లో అద్దాల పెట్టెకి అంత డబ్బు పెట్టొచ్చా? గుడారాల్లో ఉంటే బాగుంటుందా, రూమే మేలా? రూముకి ఆధార్‌లో ఇంటిపేర్లు వేరుగా ఉంటే ఇబ్బంది పెడతారా?

---

తూర్పుకనుమ_బాటసారి

ముందు ఆ ప్లాన్ పక్కన పడేయండి. వైజాగ్ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ మొదలవుతుంది, మూడు నుంచి మూడున్నర గంటలు. ఒకే రోజు పోయి రావడమంటే ఏడు గంటలు బండిలోనే. వాంతులయ్యే మనిషికి అదే వంపుల్లో రెండుసార్లు శిక్ష. పైగా అరకులో బాగుండేది పొద్దున్న మంచు, సాయంత్రం చలి. డే టూర్ వాళ్లకి దక్కేది మధ్యాహ్నం ఎండ ఒక్కటే.

రెండోది, వెళ్లే రోజులు మార్చండి. డిసెంబరులో శని, ఆదివారాలు అనంతగిరి ఘాట్‌లో కార్లు బారులు తీరి ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నానికి జనం దిగిపోతారు, సోమవారం పొద్దున్న అదే లోయ ఖాళీ. గురు–ఆది సెలవుని ఆది–బుధగా మార్చగలిగితే ఇలా వెయ్యండి:

శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం తెల్లారి వైజాగ్. అదే పొద్దున్న అరకు బండి పట్టుకోవచ్చని చాలామంది లెక్కేస్తారు. నడుమ ఉండేది గంటో, అంతకన్నా కాస్త ఎక్కువో. గోదావరి ఆలస్యమైతే అరకు బండి పోయినట్టే, పగటిపూట మామూలుగా ఇంకోటి ఉండదు. అందుకని ఆదివారం వైజాగ్‌లోనే ఉండండి. రూము రుషికొండలో కాకుండా డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల తీసుకుంటే మర్నాడు స్టేషన్ దగ్గర. సముద్రం మనకి తూర్పున ఉంది కాబట్టి బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటోల ఆశ వద్దు. సాయంత్రం నాలుగింటికి కైలాసగిరి ఎక్కండి, ఆ వెలుతురులో తీరం మొత్తం కనిపిస్తుంది. ఐదున్నరకల్లా చీకటి పడుతుంది.

సోమవారం ఉదయం ఏడు లోపే బయల్దేరే కిరండూల్ పగటి బండి, అరకు మీదుగా వెళ్లేది అదే. అదే పేరుతో రాత్రి బండి కూడా ఉంది, బుక్ చేసేటప్పుడు బయల్దేరే టైము చూసుకోండి. పొరపాటున అది తీస్తే సొరంగాలన్నీ నిద్రలోనే దాటిపోతాయి. మీరడిగిన అద్దాల పెట్టె, అంటే విస్టాడోమ్‌లో సీట్లు 44 మాత్రమే, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. డిసెంబరుకి మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతాయి. దొరికితే డబ్బు పెట్టొచ్చు, కానీ వెళ్లేటప్పుడు మాత్రమే. శివలింగపురం దాటి తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్ల మీదుగా బండి ఎక్కే ఆ భాగానికే అంత ఖరీదు. సీట్లు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, పెట్టె చివర నిలబడి చూసే చోటుంది. తిరుగు బండి అరకులో సాయంత్రం ఎక్కాలి, ఆలస్యాలు మామూలే. డిసెంబరులో అద్దంలోంచి కనిపించేది మీ మొహాలే.

విస్టాడోమ్ దొరక్కపోతే ట్రిప్పు మానుకోకండి. అదే బండిలో మామూలు పెట్టె కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది. నన్నడిగితే సొరంగంలోంచి బయటపడ్డప్పుడు మొహానికి తగిలే చల్లగాలి ఏసీ పెట్టెలో రాదు.

---

చలిమంట

పైన చెప్పిన దానికి ఒక చిన్న మార్పు. టికెట్ అరకు దాకా తీసినా బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి. అరకు నుంచి ఒక కారు మాట్లాడుకుని ముందే అక్కడికి రమ్మనండి. లేకపోతే అరకు వెళ్లి మళ్లీ బొర్రాకి 35 కిలోమీటర్లు వెనక్కి రావాలి, ఒక పూట పోతుంది. బండి ఆగేది కాసేపే, సామాను తలుపు దగ్గర పెట్టుకోండి. గుహలో మెట్లు చాలా ఉన్నాయి, సున్నపురాయి మీద నీళ్లు కారి జారుతుంటుంది, హీల్స్ పనికిరావు. రైలు పట్టాలు గుహ నెత్తి మీదుగానే పోతాయని లోపల ఉన్నప్పుడు గుర్తు చేసుకోండి, సరదాగా ఉంటుంది.

అక్కడి నుంచి అనంతగిరి కాఫీ తోటల మీదుగా గాలికొండ వ్యూపాయింట్, తర్వాత అరకు. ఒక మాట ముందే చెప్పాలి. రీల్స్‌లో కనిపించే అరకు ఏ ఒక్క నెలలోనూ ఉండదు. నిండుగా దూకే జలపాతాలు వానాకాలానివి. వలిస అనే నూనెగింజ పంట పసుపు పూలు అక్టోబరు చివర్నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా. తెల్లటి కాఫీ పూత మార్చి, ఏప్రిల్‌లో. మీరెళ్లే రెండో వారానికి వలిస చాలాచోట్ల కోతకొచ్చేస్తుంది, అక్కడక్కడ మడులు మిగులుతాయి. పొలంలో ఫొటో దిగాలంటే రైతుని అడిగి, ఎంతో కొంత చేతిలో పెట్టి, గట్టు మీదే నిలబడండి. కాఫీ మొక్కలకి మాత్రం ఎర్రటి పళ్లుంటాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ. అది చూడ్డానికి సరైన నెల.

పద్మాపురం తోట వదిలేసినా నష్టం లేదు. గిరిజన మ్యూజియం ఒక గంట.

వాంతుల సంగతి. కన్ను ఒకటి చెబుతుంటే లోపలి చెవి ఇంకోటి చెబుతుంది, ఆ పేచీ వల్లే తిప్పుతుంది. కాబట్టి ముందు సీటు, చూపు దూరంగా రోడ్డు మీద, ఫోను సంచిలో. ఖాళీ కడుపుతో వెళ్తే తగ్గుతుందనుకుంటారు, పైత్యం ఎక్కువవుతుంది. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీ, దోసె, పాలు వద్దు. మాత్ర వేసుకునేది ఎక్కడానికి కనీసం గంట ముందు. వికారం మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికొస్తుంది. వాటితో మగత వస్తుంది, వేరే మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగి వేసుకోవడం మంచిది. డ్రైవర్‌తో వంపులో బ్రేకు కొట్టకుండా వంపుకి ముందే స్పీడు తగ్గించమని చెప్పండి. తేడా అక్కడే తెలుస్తుంది.

గుడారాలు: వద్దు. గోడలకి చెవులుంటాయంటారు, గుడారానికి గోడ కూడా ఉండదు. పక్క గుడారం కుర్రాళ్ల స్పీకరు రాత్రి ఒంటిగంట దాకా మీ చెవిలోనే. ఇంకో ఇబ్బంది, మనం వదిలే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీళ్లై కారుతుంది, తెల్లారేసరికి రగ్గులు తడి. పల్చటి చాప కింద నుంచి నేల చలి ఎక్కుతుంది. మరీ సరదాగా ఉంటే సాయంత్రం మంట దగ్గర కూర్చుని రూముకి వచ్చేయండి.

రూము ఫోన్లో మాట్లాడేటప్పుడు "వేడినీళ్లు ఉన్నాయా" అని కాదు, "ఏ టైము నుంచి ఏ టైము దాకా" అని అడగండి. చాలాచోట్ల పొద్దున్న రెండు మూడు గంటలే. కరెంటు పోతే జనరేటరు మీద లైటు, ఫ్యాను నడుస్తాయి, గీజరు పనిచెయ్యదు. రగ్గు మనిషికి ఒకటి కాదు, రెండు అడగండి.

---

కొత్తకాపురం_హైదరాబాద్

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. సెలవు ఆది–బుధకి మార్పించుకున్నాను. మరి లంబసింగి, వంజంగి రెండూ మంగళ, బుధవారాల్లో పడతాయా? ఆ "హనీమూన్ ప్యాకేజీ" అని హోటల్ వాళ్లు అడుగుతున్నారు, తీసుకోవాలా?

---

పాడేరు_గాలి

రెండింట్లో ఒకటి ఎంచుకోండి, నా ఓటు వంజంగికి, అంటే పాడేరు దగ్గర పొద్దున్నే మేఘాలు చూసే కొండకి. లంబసింగి అంటే చలి. చుట్టూ కొండలు, రాత్రి బరువెక్కిన చల్లగాలి జారి ఆ గుంటలో నిలుస్తుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక అంకెకి పడిపోతుంది. ఎండెక్కితే ఆ మాయ పోతుంది. తొమ్మిది దాటి వెళ్తే ఒక కూడలి, టీ కొట్లు, పార్కింగ్ గొడవ. అక్కడ రాత్రి ఉంటేనే అర్థముంది. పాడేరు నుంచి చింతపల్లి మీదుగా వెళ్లాలి, తెల్లవారుజామున ఆ మంచులో డ్రైవింగ్ మామూలు విషయం కాదు. ఒకే పొద్దున్న రెండూ చూపిస్తామన్నవాడు రెంటికీ ఆలస్యంగా తీసుకెళ్తాడు.

మంగళవారం అరకులో తీరిగ్గా లేచి, డుంబ్రిగుడ దగ్గర బండ మీదుగా పారే చాపరాయి వాగు చూసుకుని సాయంత్రానికి పాడేరు చేరండి. చాపరాయికి వెళ్లే ముందే బొంగులో చికెన్‌కి చెప్పేయండి, పచ్చి బొంగులో కాలడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. పచ్చి వెదురులోని తడితోనే ముక్క ఉడుకుతుంది, నూనె వెయ్యరు. బొంగు అప్పటికే పూర్తిగా నల్లబడి, ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తామంటే అది ముందే వండి దూర్చిందని అర్థం. చాపరాయి బండ మీద పాచి కనిపించదు కానీ ఉంటుంది. చెప్పులు చేత పట్టుకుని ఫొటో కోసం మధ్యకి వెళ్లొద్దు.

బుధవారం తెల్లవారుజామున నాలుగింటికల్లా పాడేరులో వంజంగికి బయల్దేరాలి. బండి కొండ కింద ఆగుతుంది, పైకి నడక, చివర్లో బాగా ఏటవాలు. సూర్యోదయం ఆరుంబావు తర్వాత, అయినా ఐదున్నరకి పైన ఉంటేనే రంగులు మారడం మొత్తం కనిపిస్తుంది. చేతిలో టార్చి, పట్టున్న బూట్లు, నీళ్ల సీసా. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన ఆగగానే అదే చెమట చలి పుట్టిస్తుంది. అందుకని స్వెట్టరు సంచిలో పెట్టుకుని ఎక్కండి, పైకెళ్లాక వేసుకోండి.

మేఘాలు రోజూ ఉండవని తెలుసుకుని వెళ్లాలి. ముందురోజు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకుండా, నేలలో తడి ఉంటే లోయలో మంచు పరుచుకుంటుంది, మనం దాని పైన నిలబడతాం. గాలి వీస్తే చెదిరిపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే మబ్బు కొండ మీదికే వస్తుంది, అప్పుడు మేఘం లోపల నిలబడి పక్కనున్న మనిషి కూడా కనిపించరు (కొత్త జంటకి అది నష్టమని అనను). మంగళవారం రాత్రి పది గంటలకి బయటికొచ్చి చూడండి. చుక్కలు స్పష్టంగా కనిపిస్తే అలారం పెట్టుకోండి.

హనీమూన్ ప్యాకేజీలో ఏముంటుందో విడివిడిగా ధర అడగండి. మామూలుగా మంచం మీద పూలు, తువ్వాలుతో చేసిన రెండు హంసలు, అరకేజీ కేకు, కొవ్వొత్తి పెట్టిన టేబులు. ఆ కేకు కింద మైదానం నుంచి ఘాట్ ఎక్కి వచ్చేసరికి దాని అవతారం మీరే ఊహించుకోండి. ఆ డబ్బుతో లోయ వైపు బాల్కనీ ఉన్న రూము తీసుకోవడం నయం. "వ్యాలీ వ్యూ" అని రాసినా కిటికీ పార్కింగ్ వైపు ఉండొచ్చు, రూము నంబరుతో సహా వాట్సాప్‌లో వీడియో పంపమనండి.

ఆధార్ విషయం: ఇద్దరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు చాలు. పెళ్లికి ముందు ఇంటిపేరు, పాత చిరునామా ఉన్నా ఫర్వాలేదు. పెళ్లి సర్టిఫికెట్ ఉండాలనే చట్టమేదీ లేదు. అయినా కౌంటర్లో వాదన ఎందుకు, శుభలేఖ ఫొటో ఒకటి ఫోన్లో ఉంచుకోండి.

---

కోనసీమ_కాలువగట్టు

ఇన్ని మందులు, ఇన్ని జాగ్రత్తలు చూశాక అడుగుతున్నా, ఘాట్ పడని మనిషిని ఘాట్‌కే ఎందుకు తీసుకెళ్లడం? మా కోనసీమలో దిండి ఉంది కదా. హైదరాబాద్‌లో నరసాపురం బండి రాత్రి ఎక్కితే పొద్దున్న పాలకొల్లు, అక్కడి నుంచి చించినాడ వంతెన దాటితే దిండి. ఒక్క వంపు లేదు. వశిష్ట గోదావరి మీద హౌస్‌బోటు. రాత్రంతా తిరుగుతుందనుకోకండి, పగలు కొన్ని గంటలు తిప్పి చీకటి పడ్డాక ఒడ్డున కడతారు. రాత్రి ఏసీ ఎన్ని గంటలు వేస్తారో, పక్కన ఇంకెన్ని పడవలు కడతారో అడిగి తీసుకోండి. దోమల మందు తప్పనిసరి. సంక్రాంతి రోజులు మాత్రం వద్దు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

---

తూర్పుకనుమ_బాటసారి

కాలువగట్టు గారు, రైల్లో వెళ్తే ఘాట్ సగం తప్పినట్టే కదా. మిగిలింది బొర్రా నుంచి అరకు, ఆఖర్లో పాడేరు దిగడం. రెండూ పగలే. ఇద్దరూ ఒప్పుకోకపోతే మాత్రం దిండే మంచిది.

కొత్తకాపురం గారు, తిరుగు ప్రయాణానికి వైజాగ్ దాకా రావొద్దు. వంజంగి దిగి టిఫిన్ చేసి పది, పదకొండు మధ్య బయల్దేరితే పాడేరు ఘాట్, మాడుగుల, చోడవరం మీదుగా మధ్యాహ్నం రెండు, మూడింటికి అనకాపల్లి. గోదావరి అక్కడ ఆగుతుంది. టికెట్ తీసేటప్పుడే ఎక్కే స్టేషన్ అనకాపల్లి అని పెట్టండి. వైజాగ్ నుంచి తీసి, స్టేషన్ మార్చకుండా అనకాపల్లిలో ఎక్కితే మీ సీటు వేరేవాళ్లకి ఇచ్చేసే ప్రమాదం ఉంది. కారు మాట్లాడేటప్పుడు కూడా "అనకాపల్లిలో వదలాలి, ఖాళీగా తిరిగెళ్లే కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా కలిపి ఎంత" అని మెసేజ్‌లో రాయించుకోండి.

దారిలో మాడుగుల హల్వా కొనకుండా రాకండి. గోధుమ పాలు, నెయ్యి వేసి చేస్తారు, కొత్త దంపతులకి పెట్టడం అక్కడి ఆనవాయితీ. అయితే ఘాట్ పూర్తిగా దిగాక తినండి, నెయ్యి ఎక్కువ.