మాంద్యం అంటున్నారు: చేతిలో ఉన్న 9 లక్షలు ఇంటి లోన్‌కి కట్టేయాలా, దగ్గర ఉంచుకోవాలా?

నిజాంపేట_నుంచి

వారం రోజులుగా మా ఇంట్లో ఇదే వాదన. ఇలాంటి రోజులు చూసినవాళ్లు చెబుతారని రాస్తున్నాను.

మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పద్నాలుగేళ్ల అనుభవం. వాళ్ల క్లయింటు ఒక అమెరికా బ్యాంకు. ఖర్చులు తగ్గించుకుంటున్నామని టీముని సగానికి కోసేసింది. ఈయన ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుని ఇది రెండో నెల. జీతం వస్తోంది, ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ చెప్పరు. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. ఫ్లాటుకి ఇరవై ఏళ్ల గడువుతో 40 లక్షల లోన్, వడ్డీ 8.5 శాతం, నెలకి 34,700. నాలుగేళ్లు కట్టినా ఇంకా 36 లక్షల పైనే ఉంది. ఇంటి ఖర్చు ఇంకో 40 వేలు. ఊళ్లో పొలం అమ్మితే మా వాటాకి 9 లక్షలు వచ్చాయి.

మామగారు మొత్తం లోన్‌కి కట్టేయమంటారు. మావారు ఒక్క రూపాయి కూడా కదపొద్దంటారు. వంటమ్మాయిని, కారు కడిగే అబ్బాయిని మాత్రం వచ్చే నెల నుంచి మాన్పించాలని ఇద్దరూ అంటున్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

గోదారి_గట్టు

మీ మామగారి మాట వినండి. లెక్క వేసి చూశాను. మీకు ఇంకా 192 వాయిదాలున్నాయి. ఈ 9 లక్షలు అసలుకి జమ చేసి వాయిదా ఇలాగే కడుతూ పోతే అవి 116కి దిగుతాయి. ఆరేళ్లు ముందే ఇల్లు మీదవుతుంది, సుమారు 17 లక్షల వడ్డీ తప్పుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో మారే వడ్డీ ఉన్న హోమ్ లోన్‌ని ముందుగా తీర్చినా బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంకేం ఆలోచన?

డబ్బు చేతిలో ఉంచుకోమనేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఇంట్లో ఉన్న డబ్బు ఇంట్లో ఉండదు. 2009లో హైదరాబాద్‌లో నేను పనిచేసే నిర్మాణ కంపెనీ మమ్మల్ని ఒక్కసారే ఇళ్లకి పంపేసింది. నా దగ్గర 6 లక్షలున్నాయి, ఏడాదిన్నర దిగుల్లేదనుకున్నాను. బావమరిది వ్యాపారానికి 2 లక్షలు ఇచ్చాను. షేర్లు బాగా పడ్డాయి, ఇదే సమయమన్నారని లక్షన్నర పెట్టాను. మిగిలింది ఎనిమిది నెలల్లో అయిపోయింది. ఆ డబ్బు లోన్‌లో వేసుంటే కనీసం అది ఇంట్లోనే ఉండేది.

డాలస్_2008

గోదారి గట్టు గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ చెల్లాయి అడిగింది ఉద్యోగం పోతే ఏమిటని.

లోన్‌లో 9 లక్షలు కట్టాక కూడా వచ్చే నెల ఐదో తారీఖున మళ్లీ అదే 34,700 కట్టాలి. బ్యాంకుకి ఈ నెలది ఈ నెలే. మేం 2006లో ఇల్లు కొని, రెండేళ్లపాటు ప్రతి నెలా కట్టాల్సిన దానికంటే ఎక్కువే కట్టాం. 2008 సెప్టెంబరు 15న ఇక్కడి పెద్ద బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. రెండేళ్లు అదనంగా కట్టాను కదా, రెండు నెలలు ఆగండని లోన్ కంపెనీని బతిమాలాను. ఆ కట్టింది చివరి వాయిదాల్లోకి పోయింది, ఈ నెల వాయిదా మాత్రం ఇవ్వాలన్నారు. ఇంటి మీద ఇంకో అప్పు వాడుకునే లిమిట్ ఉండేది, కష్టకాలంలో అదే ఆదుకుంటుందనుకున్నాను. ఇళ్ల ధరలు పడిపోయాయి కాబట్టి లిమిట్ ఆపేస్తున్నామని ఉత్తరం వచ్చింది. అప్పట్లో ఇక్కడ ఎంతోమందికి అలాంటి ఉత్తరాలే వచ్చాయి. నాకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి నిరుద్యోగ భృతి దొరికింది. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్న మా స్నేహితుడికి అదీ లేదు. ఉద్యోగం పోయాక ఉండటానికి ఇప్పుడిస్తున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది. 2009లో అతను రెండు సూట్‌కేసులతో భార్యాబిడ్డల్ని తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పు ఉన్నంత మాత్రాన మా వీధిలో ఎవరికీ ఇల్లు పోలేదు. ఆ నెల వాయిదాకి డబ్బు లేని వాళ్లకే పోయింది.

గోదారి_గట్టు

వాయిదా తగ్గించుకోవచ్చండీ! గడువు అలాగే ఉంచి వాయిదా తగ్గించమని అడిగితే 34,700 కాస్తా 26,100 అవుతుంది. నెలకి 8,600 తేలిక.

డాలస్_2008

ఆ 8,600 కోసం 9 లక్షలు ఇచ్చేయాలి. జీతం రాని నెల మిగతా 26,100 ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే 9 లక్షలు దగ్గరుంటే వాయిదా కడుతూ, ఇల్లు నడుపుతూ ఏడాది గడుస్తుంది. మాంద్యంలో మనిషికి కావలసింది ఆ ఏడాదే. 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ఆ రోజుల్లో నేను దొరికిన మొదటి ఉద్యోగానికి పరిగెత్తలేదంటే, ఏడు నెలల ఖర్చు విడిగా ఉండబట్టే. నా స్నేహితుల్లో కొందరు సగం జీతానికి చేరిపోయారు, మళ్లీ పాత జీతం చూడటానికి చాలా ఏళ్లు పట్టింది.

బ్యాంకులో_35ఏళ్లు

అమ్మా, నేను గుంటూరులో రిటైరయ్యాను. లోన్ కౌంటర్‌కి అవతలి వైపు నుంచి చెబుతాను.

డబ్బు ఉంచుకుంటే మీకు నష్టం ఎంత? 9 లక్షల మీద లోన్ వడ్డీ ఏడాదికి 76,500. ఆరున్నర శాతం ఎఫ్‌డీలో వేస్తే 58,500 వస్తుంది, ముప్పై శాతం పన్ను పోతే 41 వేలు మిగులుతుంది. తేడా 35 వేల చిల్లర, అంటే నెలకి 3 వేలు. గోదారి గట్టు గారి 17 లక్షలు పదేళ్లు, పదహారేళ్లు పోయాక కనిపించే లెక్క. మీ ఆయన ఉద్యోగం స్థిరపడ్డాక, ఏడాది ఆగి కట్టినా అందులో చాలా భాగం మిగులుతుంది.

2020 సంగతి గుర్తు చేస్తాను. మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు కట్టకపోయినా ఫర్వాలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. మా బ్రాంచికి వచ్చినవాళ్లలో సగం మంది అది మాఫీ అనుకున్నారు. వడ్డీ నడుస్తూనే ఉంది. పదిహేనేళ్ల గడువు మిగిలిన 30 లక్షల హోమ్ లోన్‌కి మొదటి మూడు నెలలు కట్టకపోతే సుమారు 2.34 లక్షల అదనపు వడ్డీ, అంటే 8 వాయిదాలంత పడుతుందని స్టేట్ బ్యాంకే అప్పట్లో చెప్పింది. చేతిలో డబ్బున్నవాళ్లు కడుతూ పోయారు, లేనివాళ్లు ఆ భారం నెత్తిన వేసుకున్నారు. ఈసారి అలాంటి వెసులుబాటు వస్తుందని ఎదురుచూడకండి. ఆ రోజుల్లో దేశమే ఆగింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీడీపీ 23.9 శాతం పడిందని మొదటి అంచనా వచ్చింది. ఒక్క సాఫ్ట్‌వేర్ వాళ్లకే దెబ్బ తగిలితే వాయిదాలు ఎవరూ ఆపరు. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది, ఆపైన 60 రోజుల నోటీసు.

ఇంకో మాట. మాంద్యంలో వడ్డీలు తగ్గుతాయి కదా అని కొందరు ధీమాగా ఉంటారు. బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటుని రెపో అంటారు. 2008 అక్టోబరులో 9 శాతం ఉన్న ఆ రెపో 2009 ఏప్రిల్‌కి 4.75కి దిగింది. కానీ పాత ఖాతాదారుల వాయిదా తగ్గడానికి మేం ఏళ్లు తీసుకున్నాం, ఆ మాట ఒప్పుకోవాలి. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడ్డాయి కాబట్టి ఇప్పుడు త్వరగా తగ్గుతాయి. మీ బ్యాంకు కొత్తవాళ్లకి ఎంతకి ఇస్తోందో అడగండి. మీదానికంటే తక్కువైతే చిన్న ఫీజు కట్టించుకుని మార్చే పద్ధతి ఉంటుంది. ఆ పని మీ ఆయన ఉద్యోగంలో ఉండగానే చేయండి. జీతం ఆగాక ఏ బ్యాంకూ మీతో ఇంత మర్యాదగా మాట్లాడదు.

జగిత్యాల_గల్ఫ్

అక్కా, ఒక్క మాట అడుగుత. ఇంటి లోన్ గాకుండ ఇంకేం అప్పుల్లేవా?

ఎందుకడుగుతున్ననంటే, నేను 2007ల దుబాయ్ పోయిన. ఏజెంటుకు కట్టనీకి ఊర్లె లక్షన్నర తెచ్చిన, నూటికి మూడు రూపాల మిత్తి. 2009ల మా సైటు మీద క్రేన్లు ఆగినయ్. మూడు నెలలు క్యాంపుల పని లేదు, జీతం లేదు, తిండి మట్టుకు పెట్టిండ్రు. నేను పైసలు పంపకున్నా ఊర్లె మిత్తి ఆగలే. లక్షన్నరకు ఏడాదికి యాభై నాలుగు వేలు. ఆఖరుకు ఎకరం అమ్మి తీర్చిన. ఆ భూమి ఇప్పుడు కొనాలంటె నాతోటి కాదు.

మా లెక్కల చెప్పాల్నంటె మీ ఇంటి లోన్ నూటికి డెబ్బై పైసల మిత్తి. దాన్ని పట్టుకొని గింత కొట్లాట అవసరం లేదు. పెద్ద మిత్తి అప్పు ఇంట్ల ఉంటె ముందు దాన్ని తెంపుండ్రి. మందికి భయపడి దాచుకునేది కూడ అదే.

నిజాంపేట_నుంచి

తమ్ముడూ, నువ్వు అడిగింది నిజమే. రాయడానికి సిగ్గేసి రాయలేదు. ఫ్లాటులో చెక్కపనికి తీసుకున్న పర్సనల్ లోన్ 2 లక్షలు ఉంది, 14 శాతం. క్రెడిట్ కార్డు మీద 80 వేలు. ప్రతి నెలా కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తున్నాం.

బ్యాంకులో_35ఏళ్లు

అమ్మా, కార్డు మీద వడ్డీ చాలా చోట్ల నెలకి మూడున్నర శాతం దాకా ఉంటుంది. జగిత్యాల తమ్ముడి వడ్డీ వ్యాపారి కంటే అర్ధ రూపాయి ఎక్కువ. ఇవాళే కట్టేయండి. తర్వాత పర్సనల్ లోన్. రెండూ పోగా 6 లక్షల 20 వేలు ఉంటుంది, వాయిదాతో కలిపి ఎనిమిది నెలల ఖర్చు.

ఆ డబ్బు మాత్రం మీ లోన్ ఉన్న బ్యాంకులో పెట్టకండి. వాయిదాలు తప్పితే అక్కడి డిపాజిట్లోంచి సర్దుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. వేరే రెండు బ్యాంకుల్లో సగం సగం వేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. ఒకే పెద్ద ఎఫ్‌డీ వద్దు, యాభై వేల చొప్పున చేస్తే నెలకి ఒకటి విరగ్గొట్టుకోవచ్చు.

ఓరుగల్లు_టీచరు

ఇక్కడందరూ ఉన్న డబ్బుని ఏం చేయాలో చెప్పారు. అక్కా, నేను వంటమ్మాయి గురించి రాస్తున్నాను.

2020 మార్చిలో బడులు మూసేసేటప్పటికి నేను వరంగల్‌లో ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. మార్చి జీతం సగం వచ్చింది, ఏప్రిల్ నుంచి అదీ లేదు. ఫీజులు కట్టలేదు కాబట్టి జీతాలు లేవన్నారు. ఫీజులు ఆపిన తల్లిదండ్రుల్లో జీతం పోయినవాళ్లూ ఉన్నారు, పోతుందేమోనని భయపడి ఆపినవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల భయానికి నేను గాజులు తాకట్టు పెట్టాను. ఆ ఏడాది ఆగస్టులో బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వొచ్చని బ్యాంకులకి అనుమతిచ్చారు. మంచి వార్తలాగే అనిపించింది. నాకు మాత్రం విడిపించుకోవాల్సిన మొత్తం పెరిగింది, అంతే. ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో చెప్పింది, అంటే బడులు మూసిన ఏడాది తర్వాత. ఆ బియ్యం నేను తీసుకున్నాను, ఆ మేలు మర్చిపోను. మధ్యలో ఆ ఏడాదంతా మా ఆయన కూరగాయలు అమ్మారు.

మీ ఆయన జీతం ఇంకా ఆగలేదు. కానీ ఆయన మీద పడాల్సిన దెబ్బ వచ్చే నెలే వంటమ్మాయి మీద పడబోతోంది. అమెరికాలో ఒక బ్యాంకు ఖర్చు తగ్గించుకుంటే నిజాంపేటలో ఒకమ్మాయి ఇంటి అద్దె ఆగిపోతుంది. ఆమెకి బెంచి ఉండదు, నోటీసు ఉండదు.

గోదారి_గట్టు

టీచరమ్మా, మీరు చెప్పింది బాధ కలిగించేదే. కానీ ఇల్లు గడవని రోజున ఆవిడ ఎవరిని ఆదుకుంటుంది? సొంత ఇంట్లో దీపం ఆరకుండా చూసుకోవాలి ముందు.

ఓరుగల్లు_టీచరు

దీపం ఆరాక మాన్పించమనండి, నేను కాదనను. జీతం వస్తున్న నెలలోనే ఎందుకని అడుగుతున్నాను. ఆ అమ్మాయి జీతం మహా అయితే నాలుగు వేలుంటుంది. పర్సనల్ లోన్ తీరితే దాని వాయిదా అంతకంటే ఎక్కువే మిగలదా?

జగిత్యాల_గల్ఫ్

మేడం చెప్పింది కరెక్టు. మమ్ముల పంపిస్తమని పది దినాల ముందు చెప్పినా మా కథ వేరే ఉండు.

నిజాంపేట_నుంచి

అందరికీ నమస్కారం. నిన్న మామగారికి ఈ లెక్కలన్నీ చదివి వినిపించాను. కార్డు బాకీ మాట విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే మావారితో వెళ్లి కార్డు, పర్సనల్ లోన్ రెండూ కట్టించి వచ్చారు. హోమ్ లోన్‌లో ఏమీ వేయలేదు. మార్చి నాటికి మావారికి ప్రాజెక్టు దొరికితే అప్పుడు 3 లక్షలు వేద్దామని ఒప్పందం.

టీచరు గారూ, మా పర్సనల్ లోన్ వాయిదా 9,600. మా వంటమ్మాయి జీతం 4,500. మీరు రాసేదాకా ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆమెని మాన్పించట్లేదు. పరిస్థితి అంతా చెప్పాను, ఎప్పుడైనా మాన్పించాల్సి వస్తే రెండు నెలల ముందే చెబుతానన్నాను. అపార్ట్‌మెంట్లో ఇంకో ఇల్లు చూసిపెట్టమని అడిగింది. చూస్తున్నాను. కారు అబ్బాయి విషయంలో మావారు వినలేదు, ఆదివారాలు ఆయనే కడుక్కుంటానన్నారు.

బ్యాంకు సార్, వడ్డీ మార్చమని అడగడానికి సోమవారం వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?

బ్యాంకులో_35ఏళ్లు

లోన్ స్టేట్‌మెంట్, మూడు నెలల జీతం స్లిప్పులు, ఆధార్, పాన్. చాలా చోట్ల జీతం స్లిప్పులు అడగరు, అయినా పట్టుకెళ్లండి. దరఖాస్తు మీద తేదీ, బ్రాంచి ముద్ర వేయించుకుని ఒక కాపీ తెచ్చుకోండి. ‘చూస్తాం’ అంటే ఒప్పుకోకండి.

గోదారి_గట్టు

నా అభిప్రాయం మారలేదమ్మా, మార్చి నాటికి ఆ 3 లక్షలు ఉంటాయన్న నమ్మకం నాకు లేదు. మీరు ఉంచుకోవాలనే నిర్ణయించుకున్నారు కాబట్టి ఒక్క పని చేయండి. ఆ ఎఫ్‌డీలు ఇద్దరి పేర్ల మీదా వేసి, తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలని రాయించండి. పొలం అమ్మిన సంగతి చుట్టాలందరికీ తెలిసే ఉంటుంది. ఈ పాటికి ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారు.

నిజాంపేట_నుంచి

ఇద్దరు చేశారండీ. ఇద్దరి సంతకాలతోనే వేయిస్తాను.