గడియారానికి కీ ‘ఇవ్వడం’ తమిళ ప్రభావమా?

నిన్న మన గుంపులో ఒక మిత్రులు రాసిన మాటకి జవాబు కాస్త పొడుగైంది, అందుకే విడిగా పెడుతున్నాను. ‘గడియారానికి కీ ఇచ్చాను అనడం మద్రాసు తెలుగు. తమిళంలో సావి కొడు (తాళంచెవి ఇవ్వు) అంటారు కాబట్టి వచ్చింది. కీ తిప్పాను అనాలి’ అని వారి వాదన.

నేను పుట్టి పెరిగింది చెన్నైలోనే, టీనగర్‌లో. మా ఇంటి తెలుగులో తమిళం బాగానే కలిసింది, కాదనను. కానీ ఈ మాటని మాత్రం ఆ లెక్కలో వెయ్యకండి. ఆంధ్రలో మా చుట్టాల ఇళ్ళల్లోనూ ‘కీ ఇస్తే ఆడే బొమ్మ’ అనే అంటారు. సొంత బుద్ధి లేకుండా ఎవరు ఎలా ఆడిస్తే అలా ఆడేవాణ్ణి ‘కీ ఇచ్చిన బొమ్మ’ అంటాం. హిందీవాళ్ళు చాబీ నింపుతారు, మనమూ తమిళులూ ఇస్తాం. పక్కపక్కనే బతికిన రెండు భాషలకి ఒకే ఆలోచన తట్టినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని చూసి రాసుకుందని అనుకోనక్కర్లేదు.

అసలు ‘ఇవ్వడం’ ఎంత సరైన మాటో పాత గోడ గడియారం ఉన్న ఇంటివాళ్ళకి తెలుస్తుంది. దాని ముఖం మీద రెండు కన్నాలుంటాయి. ఒకటి ముళ్ళు నడవడానికి, రెండోది గంటలు కొట్టడానికి. మన చెయ్యి తిప్పేది తాళంచెవిని. గడియారానికి అందేది బలం. లోపల స్ప్రింగు బిగుసుకుని, ఆ బలాన్ని దాచుకుని, వారం పాటు కొద్దికొద్దిగా ఖర్చు పెట్టుకుంటుంది. ‘తిప్పాను’ అంటే మనం చేసిన పని మాత్రమే తెలుస్తుంది. ‘ఇచ్చాను’ అంటే ఇంకొకరికి ఏదో అందిందని కూడా తెలుస్తుంది. గ్రామఫోనుకీ ఇదే మాట. హెచ్‌ఎంటీ వాళ్ళు 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టాక, రోజూ కీ ఇచ్చుకునే వాచీ మధ్యతరగతి మణికట్టుకి వచ్చింది. బ్యాటరీ వాచీలు వచ్చాక దాన్ని వేరుగా చెప్పడానికి ‘కీ వాచీ’ అనాల్సి వచ్చింది.

ఇక కార్ల దగ్గరికి వస్తాను, నాకు ఇష్టమైన చోటు అది. మా పెదనాన్నకి అంబాసిడర్, మా మామయ్యకి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేవి. హెరాల్డ్ మా ఊరి బండే, వండలూరు వైపు తయారయ్యేది. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకి వాలిపోయేది. పిల్లలం అది చూడ్డానికే గుమిగూడేవాళ్ళం. అంబాసిడర్ బ్యాటరీ నీరసించిన రోజున పెదనాన్న డిక్కీలోంచి ఇనప హ్యాండిల్ తీసి, ముందున్న కన్నంలో దూర్చి, ‘హ్యాండిల్ కొట్టేవారు’. తిప్పేదాన్ని కొట్టడం అనడం చూడండి! ఆ పనిలో ఉన్న ఒక్క ఊపు, ఒక్క విసురు ‘తిప్పడం’లో రావు. బొటనవేలు హ్యాండిల్‌కి అవతలి వైపు చుట్టకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఎందుకంటే ఇంజన్ ఒక్కోసారి వెనక్కి తన్నేది, ఆ దెబ్బకి మణికట్టు విరిగినవాళ్ళున్నారు. దాన్ని పెదనాన్న ‘ఎదురు కొట్టడం’ అనేవారు. ఒకే క్రియ మనిషికీ ఇంజన్‌కీ సరిపోయింది.

చోక్ సంగతి ఇంకా బావుంటుంది. చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచడానికి డాష్‌బోర్డు మీది బొడిపె బయటికి లాగాలి. ఇంజన్ వేడెక్కాక లోపలికి నెట్టాలి, మరిచిపోతే నల్లటి పొగ, ప్లగ్గుల నిండా మసి. మా ఇంట్లో లాగడాన్ని ‘చోక్ పెట్టు’ అనీ, నెట్టడాన్ని ‘చోక్ తియ్యి’ అనీ అనేవారు. అంటే చెయ్యి చేసే పనికి మాట సరిగ్గా తలకిందులు! మామయ్య దగ్గర పనిచేసిన డ్రైవరు మాత్రం ‘తియ్యి’ అంటే బయటికి తియ్యమనే అనుకునేవాడు. పొద్దున్నే ఈ ఒక్క మాట మీద గొడవ జరిగేది. నా ఉద్దేశంలో ఇద్దరిదీ తెలుగే. ఒకరు బొడిపెని చూసి మాట్లాడారు, ఒకరు దాని ఫలితాన్ని చూసి మాట్లాడారు.

‘కొట్టు’ గురించి ఇంకో మాట. గాలి కొట్టు, హారన్ కొట్టు, టైపు కొట్టు, స్టవ్‌కి పంపు కొట్టు. తమిళంలో వీటిలో చాలావాటికి ‘అడి’ అంటారు, అది కూడా కొట్టడమే. ఇవాళ ఫోన్ అద్దం మీద వేలు ఆనించీ ఆనించనట్టు రాస్తూ కూడా ‘టైపు కొడుతున్నా’ అంటున్నాం. టైపు మిషన్ మీద ఒక్కో అక్షరాన్ని నిజంగానే గట్టిగా కొట్టాల్సి వచ్చేది, లేకపోతే కార్బన్ కాపీ మీద పడేది కాదు. యంత్రం వెళ్ళిపోయినా మాట మన దగ్గరే ఉండిపోయింది. ‘ఫోన్ పెట్టేస్తున్నా’ కూడా అంతే. రిసీవర్‌ని దాని ఊయల మీద పెడితేనే లైను తెగేది. ‘నంబరు తిప్పు’ మాత్రం పోయింది. సున్నా తిప్పితే డయలు పది టకటకలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి రావడం ఎరిగినవాళ్ళే ఇంకా అప్పుడప్పుడు అంటారు.

లైటు ‘ఆర్పు’, లైటు ‘కట్టెయ్’లలో ఏది సరైందన్న పాత చర్చ ఉంది కాబట్టి దాన్ని ఎక్కువ తిరగదోడను. ఒక్కటి మాత్రం గమనించండి. దేవుడి దగ్గరి దీపం ఆరిపోయిందనం, ‘కొండెక్కింది’ అంటాం. బల్బు మాత్రం కొండెక్కదు, మాడిపోతుంది. ‘ఆర్పు’ని మంట నుంచి కరెంటుకి తెచ్చుకున్నాం గానీ, దాని వెనకున్న భయభక్తుల్ని తెచ్చుకోలేదు.

నేను నిజంగా బాధపడేది వంటింటి మాటల గురించి. తిరగలిలో విసరడం, రుబ్బురోట్లో రుబ్బడం, సన్నికల్లు మీద నూరడం, రోట్లో దంచడం. ఏ పని ఏ రాతి మీద జరుగుతుందో, పొడిదో తడిదో, చెయ్యి గుండ్రంగా తిరగాలో ముందుకీ వెనక్కీ కదలాలో, పైనుంచి పడాలో ఒక్క క్రియలోనే ఉండేది. ‘కందులు విసిరాను’ అంటే పొడిగా బద్దలు చేశానని అర్థం, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇప్పుడన్నిటికీ ‘మిక్సీ పట్టడం’ ఒక్కటే. చెన్నైలో ఇడ్లీ, దోసెల పుణ్యమా అని గ్రైండరు ఇంటింటా ఉంది కాబట్టి ‘రుబ్బడం’ బతికింది. ‘నూరడం’ పచ్చళ్ళలో, మందుల్లో కొంత మిగిలింది. ‘విసరడం’ మా అమ్మ తరంతోనే ఆగిపోయింది. మా అమ్మాయికి విసరడమంటే బంతి విసరడమే.

అందుకే మిత్రులకి నా మనవి: ‘కీ ఇవ్వు’ని తప్పుల పట్టికలో పెట్టకండి, మన క్రియల పట్టికలో చేర్చండి. ఊరి పేరు, ఏ వస్తువు గురించి అన్నారో, వీలైతే ఎవరి నోట విన్నారో కూడా రాయండి.

కింద వచ్చిన వ్యాఖ్యలు చూశాక ఇది కలుపుతున్నాను. చెన్నై పుదుపేటలో పాత కార్ల సామాన్లు అమ్మే తెలుగువాళ్ళు ఇప్పటికీ ‘చోక్ లాగు’ అనే అంటారని ఒకరు రాశారు, చాలా సంతోషం. బజాజ్ స్కూటరుని స్టార్ట్ చేసే ముందు ఒక పక్కకి వంచడాన్ని మీ ఇళ్ళల్లో ఏమనేవారో ఎవరూ రాయలేదు. మా ఇంట్లో ‘బండిని పడుకోబెట్టు’ అనేవారు. నెల్లూరు, చిత్తూరు, అనంతపురం వైపు వాళ్ళు చెప్పాలి.