క్రిప్టోనైట్ పక్కన పెట్టడానికి నిజమైన రాయి ఎక్కడ దొరుకుతుంది?

గుంటూరులో ఏడో తరగతి చదువుతున్న మా పాప బడిలో సైన్సు ప్రదర్శనకు క్రిప్టోనైట్‌ను ఎంచుకుంది. సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే ఆ కల్పిత ఖనిజం పక్కన అసలు రాయి ఒకటి పెట్టాలని దాని పట్టుదల.

మొదటి చిక్కు రంగుతో. 1943లో రేడియో నాటకంలో పుట్టిన ఆ రాయి 1949లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు ఎర్రగా ఉండేది. ఆకుపచ్చ తరువాత వచ్చింది. ఆపైన ఎరుపుకు ఒక్కోసారి ఒక్కో వింత మార్పు తెచ్చే గుణం ఇచ్చారు. అట్ట మీద పాప ఇప్పటికే రంగులు వేసేసింది. ఎరుపు గడిలో రెండు సంగతులూ రాయాలా?

నా అసలు బెంగ రాయి గురించే. సెర్బియాలో 2004లో దొరికిన జాడరైట్ అనే ఖనిజం కూర్పు, 2006 నాటి సూపర్‌మ్యాన్ సినిమాలో క్రిప్టోనైట్ పెట్టె మీద రాసిన కూర్పుకు చాలా దగ్గర. జాడరైట్‌లో ఫ్లోరిన్ మాత్రం ఉండదు. చూడటానికి తెల్లగా ఉన్నా అతినీలలోహిత కాంతిలో నారింజ, గులాబీ కలిసిన రంగులో మెరుస్తుందట. అది మనకెక్కడ దొరుకుతుంది! అలా మెరిసే కాల్సైట్, ఫ్లోరైట్ ముక్కలైనా గుంటూరు, విజయవాడల్లో ఎవరి దగ్గర దొరుకుతాయి? భూగర్భశాస్త్రం చెప్పే కళాశాలలు రెండు రోజులకు అరువిస్తాయా? పిల్లల కళ్లకు హాని చేయని దీపం ఏదో కూడా దయచేసి చెప్పండి. ప్రదర్శన వచ్చే సోమవారమే.