బెంగళూరు–హైదరాబాద్: 'ఫ్లైట్‌లో గంటా పావే' అనే మాట నమ్మొచ్చా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
మా బావది ఎప్పుడూ ఒకటే పాట. "గంటా పావులో వచ్చేదానికి రాత్రంతా బస్సులో పడి ఒళ్ళు హూనం చేసుకుంటావేంట్రా?" అని. పోయిన శుక్రవారం ఆయన మాట విని ఫ్లైటెక్కాను. ఎలక్ట్రానిక్ సిటీలో రూమ్‌కి తాళం వేసింది మూడున్నరకి, మియాపూర్‌లో అక్క తలుపు తీసింది రాత్రి పదింబావుకి. పావు తక్కువ ఏడు గంటలు! రెండు వైపులా క్యాబ్‌లకి అయిన డబ్బుతో స్లీపర్ బస్సు టికెట్ వచ్చేది. ఇదేం లెక్క?

యలహంక వాసి:
మీ గొడవ ఫ్లైట్‌తో కాదు బ్రో, ఊరికి ఆ చివరున్న ఎలక్ట్రానిక్ సిటీతో. మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ అరగంట.

రన్‌వే పిచ్చోడు:
గంటా పావు అబద్ధం కాదు. విమానం ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా కట్టే లెక్క అది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా గీత గీస్తే దాదాపు 455 కిలోమీటర్లు. కానీ రెండు చోట్లా రన్‌వేలు తూర్పు–పడమరగా ఉన్నాయి, మనం పోవాల్సిందేమో ఉత్తరానికి. లేచాక తిరగాలి, దిగే ముందు మళ్ళీ తిరగాలి.

అసలు తమాషా ఏంటంటే, ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి బెంగళూరుకి ఉత్తరాన, శంషాబాద్ హైదరాబాద్‌కి దక్షిణాన. రెండూ ఊళ్ళు వదిలి ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి. ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకి కొలిస్తే దాదాపు 500 కిలోమీటర్లు. విమానానికి తగ్గిన దూరం మన క్యాబ్ మీటర్లో తిరుగుతుంది. 2008లో మార్చిలో శంషాబాద్, మేలో దేవనహళ్ళి తెరిచారు. అంతకుముందు ఊళ్ళోనే పాత ఎయిర్‌పోర్టులు బేగంపేట, హెచ్‌ఏఎల్ ఉండేవి. అప్పుడైతే మీ బావగారి మాట నిజమే.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
అదే నేననేది! బస్సైతే తొమ్మిదిన్నరకి మడివాళలో ఎక్కి దుప్పటి కప్పుకుంటే, కళ్ళు తెరిచేసరికి జడ్చర్ల. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఇచ్చే ఆవకాయ సీసా కాళ్ళ దగ్గరే ఉంటుంది, ఎయిర్‌పోర్టులో లగేజీ బెల్టు దగ్గర కాపలా కాయక్కర్లేదు. నిద్రలో పోయిన టైమ్ లెక్కలోకి రాదు.

ఇద్దరు పిల్లల తల్లి:
తమ్ముడూ, అది ఒంటిగాడి లెక్క. రాత్రి రెండింటికి ధాబా దగ్గర బస్సు ఆపితే, ఫోన్ లైటు వేసుకుని, తడిసిన మెట్లమీద నాలుగేళ్ళ పిల్లని బాత్రూమ్‌కి తీసుకెళ్ళి చూడండి. గొళ్ళెం ఉండదు, మగ్గు ఉండదు. ఏడు గంటలైనా ఎనిమిదైనా నేను ఫ్లైట్‌కే ఓటేస్తాను. వందే భారత్ కూడా చూశాం. యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడకి దాదాపు ఎనిమిదిన్నర గంటలు. పిల్లలకి హాయి, మాకు నడుం నొప్పి.

యలహంక వాసి:
అక్కా, మీ మాటకి ఎదురు లేదు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
సరే అక్కా, ధాబా విషయం ఒప్పుకుంటున్నాను. నాది మాత్రం శుక్రవారం సాయంత్రం బాధ. ఎయిర్‌పోర్ట్ దారిలో హెబ్బాళ దాటడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఆదివారం రాత్రి పదకొండింటికి దిగితే, అదే రోడ్డు మీద గంటలో ఇల్లు చేరాను. అందుకే ఇకమీద వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు ఫ్లైట్. ఈ సగం ఓటమి సంగతి బావకి మాత్రం చెప్పను.