బైక్ ముందు చక్రం విప్పడానికి జాక్ సరిపోతుందా, లిఫ్ట్ టేబుల్ కొనాలా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్ పనులన్నీ ఇంట్లోనే చేసుకుంటాను. వెనక చక్రానికి సెంటర్ స్టాండ్ సరిపోతుంది. ముందు చక్రం విప్పాలంటేనే టెన్షన్.

మొన్న ఇంజిన్ కింద కారు జాక్ పెట్టి లేపితే బండి పక్కకు ఒరిగింది. 195 కిలోల బరువు! మా తమ్ముడు పట్టుకోబట్టి సరిపోయింది. దీనికి ఇంజిన్ కింద ఫ్రేమ్ పైపులు లేవు, భారమంతా ఇంజిన్ అడుగు మీదే పడుతుంది. మధ్యలో చెక్క ముక్క పెట్టి, వెడల్పాటి సిజర్ జాక్ (కత్తెరలా తెరుచుకునే జాక్) వాడితే భయం ఉండదా?

నడుం నొప్పి వల్ల కాలితో తొక్కితే బండిని బల్లతో సహా పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ టేబుల్ కొనాలనీ ఉంది. కానీ మా వరండా కాస్త వాలుగా ఉంటుంది. పైగా ముందు చక్రం తీసేస్తే, టేబుల్ మీద ఆ చక్రాన్ని బిగించి ఉంచే క్లాంప్‌కు పట్టు ఉండదు కదా, అప్పుడు బండిని బెల్టులతో ఎక్కడ కట్టాలి? వాడినవాళ్లు దయచేసి చెప్పండి. బరంపురంలోగానీ శ్రీకాకుళంలోగానీ చూసి కొనే చోటు ఉంటే అదీ చెప్పండి.